తెరమీద రసాయన పాఠం: ఒక నేరకథ గుణదోషాలు

కథలలో విజ్ఞానశాస్త్రం కనిపించినప్పుడు మనలో చాలమంది రెండు విధాలుగా ప్రవర్తిస్తూ ఉంటాము. కొందరు "అది కథ గదా, దానిలో నిజానిజాలు వెదకడం ఎందుకు?" అని వదలివేస్తారు. మరి కొందరు ఒక్క పొరపాటు కంటబడగానే కథనంతటినీ త్రోసివేస్తారు. ఈ రెండు పద్ధతులూ సరియైనవి కావు. కథలోని శాస్త్రాన్ని పరిశీలించేటప్పుడు ఆ తప్పు ఎంత పెద్దది అని మాత్రమే చూస్తే చాలదు. ఆ తప్పును నమ్మినవానికి ఏమి నష్టం కలుగుతుంది, నిజం చెప్పి ఉంటే కథకు ఏమి లాభం కలిగేది అని కూడ చూడవలసి ఉన్నది. ఇట్టి పరిశీలనకు తగిన ఒక టెలివిజన్ నేరకథను ఈ వ్యాసంలో తీసుకొంటున్నాము.

అమెరికాలో 2008 నుండి 2013 వరకు ప్రసారమైన "బ్రేకింగ్ బ్యాడ్" అనే ధారావాహిక పేరు పాఠకులలో కొందరు వినే ఉంటారు. దానిలో కథానాయకుడు వాల్టర్ వైట్ ఒక ఉన్నత పాఠశాలలో రసాయనశాస్త్రం బోధించే ఉపాధ్యాయుడు. నివాసం న్యూమెక్సికో రాష్ట్రంలోని ఆల్బుకర్కీ నగరం. తనకు ఊపిరితిత్తుల కాన్సరు వచ్చిందని తెలిసిన తరువాత, కుటుంబానికి ధనం మిగల్చవలెనన్న నెపంతో, తన పూర్వ విద్యార్థి జెస్సీ పింక్‌మన్‌ను తోడు చేసుకొని మాదకద్రవ్యం తయారు చేయడానికి దిగుతాడు. ఆ ధారావాహికలో రెండవ భాగం 2008 జనవరి 27న ప్రసారమైనది. దాని పేరుకు తెలుగున "పిల్లి సంచిలో ఉన్నది" అని అర్థం. రచన విన్స్ గిలిగన్, దర్శకత్వం ఆడమ్ బెర్న్‌స్టీన్. ఇది పిల్లలకు చూపదగిన కథ కాదని ముందే చెప్పుట మంచిది. కాని ఉపాధ్యాయులు తెలుసుకొని, తమ తరగతిలో చర్చించదగిన విషయాలు దీనిలో ఉన్నవి.

కథాభాగం

మొదటి భాగం చివర ఇద్దరు దుండగులు వాల్టర్‌ను చంపబోగా, అతడు రసాయన ప్రజ్ఞతో విషవాయువు పుట్టించి తప్పించుకొంటాడు. రెండవ భాగం మొదలయ్యేసరికి ఆ ఇద్దరిలో ఒకడు చనిపోయినాడు, ఒకడు కొనప్రాణంతో ఉన్నాడు. శవాన్ని మాయం చేయవలెను. బ్రతికినవానిని ఏమి చేయవలెనో తేల్చుకోవలెను. ఎవరు ఏ పని చేయాలన్నది నాణెం ఎగురవేసి నిర్ణయించుకొంటారు. బ్రతికినవాడు వాల్టర్ వంతుకు, శవం జెస్సీ వంతుకు వస్తాయి.

వాల్టర్ ఉపాయం ఇది: శవాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగించడం. అందుకు పాలిథిలీన్‌తో చేసిన పెద్ద తొట్టి కొనవలసినదని జెస్సీకి స్పష్టంగా చెపుతాడు. దుకాణంలో జెస్సీకి సరియైన కొలతగల తొట్టి దొరకదు. ఇంటిలో స్నానపు తొట్టి ఉండగా వేరే తొట్టి ఎందుకని అతడు మేడమీది స్నానాల గదిలోనే పని కానిస్తాడు. ఆమ్లం తొట్టిని తిని, నేలను తిని, క్రింది వసారా కప్పుతో సహా ఊడిపడుతుంది. ఆ శిథిలాల ముందు నిలబడి గురువు శిష్యునికి ఆలస్యంగా పాఠం చెపుతాడు: ఈ ఆమ్లం ప్లాస్టిక్కును ఏమీ చేయదు, లోహాన్నీ రాతినీ గాజునూ పింగాణీనీ మాత్రం తింటుంది.

ఈ రెండింటి నడుమ మూడు సన్నివేశాలు గమనించదగినవి. ఒకటి, నేలమాళిగలో స్తంభానికి బంధించి ఉంచిన మనిషికి వాల్టర్ తిండీ నీరూ అందించడం. రెండవది, గర్భవతియైన భార్య స్కైలర్‌తో వైద్యుని వద్దకు వెళ్ళి, పుట్టబోయేది ఆడపిల్ల అని స్కానింగులో తెలుసుకోవడం. మూడవది, ఏమీ ఎరుగనివాని వలె బడికి వెళ్ళి పాఠం చెప్పడం. ఆ పాఠమే మన చర్చకు ముఖ్యం.

ఈ భాగంలోని బలం

నేరకథలలో సాధారణంగా హత్య జరిగిన మరుక్షణమే కథ ముందుకు దూకుతుంది. చచ్చినవాని బరువు ఎవరూ మోయరు. ఈ భాగం ఆ బరువునే కథావస్తువుగా తీసుకొన్నది. ఒక దేహాన్ని మేడమీదికి ఈడ్చడానికి ఎంత శ్రమ పడాలో, బ్రతికియున్నవాని దగ్గుకూ దాహానికీ ఎదుట నిలిచినవాడు ఎట్లా మెత్తబడతాడో ఓపికగా చూపుతుంది. ఫార్ములాలు తెలిసినవానికి పనులు సులభమని మొదటి భాగం చూచినవారికి అనిపించవచ్చును. రెండవ భాగం ఆ భ్రమను పోగొడుతుంది. బ్రయన్ క్రాన్‌స్టన్, ఆరన్ పాల్ నటన ఇందుకు ఎంతో తోడ్పడినది.

రెండవ గుణం, పాఠం వినకపోవడం వలన వచ్చే అనర్థాన్ని ప్రమాద హేతువుగా పెట్టడం. జెస్సీ ఒకనాడు వాల్టర్ తరగతిలో కూర్చున్నవాడే. "ఏ పాత్ర అయితే నేమి?" అనే నిర్లక్ష్యం మన ప్రయోగశాలలో ప్రతి సంవత్సరం కొత్తగా చేరే విద్యార్థులలో కనబడేదే. ఏ రసాయనాన్ని ఏ పాత్రలో ఉంచవలెనన్నది చిన్న విషయం కాదని ఈ సన్నివేశం చూచినవాడు మరచిపోడు.

స్నానపు తొట్టిలోని రసాయనం

ఆ సన్నివేశంలో శాస్త్రం ఎంతవరకు నిలుస్తుంది? సూత్రం సరియైనదే. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గాజును తింటుంది. గాజులో ప్రధానమైనది సిలికా. ఫ్లోరిన్ పరమాణువుకు సిలికాన్‌తో ఏర్పడే బంధం మిక్కిలి బలమైనది గనుక, ఆక్సిజన్‌ను తొలగించి తాను ఆ స్థానంలో చేరుతుంది. సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ అనే వాయువు, నీరు ఏర్పడతాయి. పాలిథిలీన్‌లో ఉన్నవి కార్బన్, హైడ్రోజన్ బంధాలు మాత్రమే. ఈ ఆమ్లం వాటి జోలికి పోదు. అందుకే దీనిని గాజు సీసాలలో గాక ప్లాస్టిక్ సీసాలలో నిలువ చేస్తారు. స్నానపు తొట్టిమీది ఎనామిల్ పూత కూడ ఒక విధమైన గాజే.

విద్యార్థులు ఇక్కడ ఒక వింత గమనించవలె. గాజును తినే ఈ ఆమ్లం, రసాయన పరిభాషలో బలహీనమైన ఆమ్లం! నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం దాదాపు పూర్తిగా అయాన్లుగా విడిపోతుంది; హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం కొద్దిగానే విడిపోతుంది. ఆమ్లబలం వేరు, ఫలానా పదార్థాన్ని తినగల శక్తి వేరు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

ఇక పరిమాణం మాట. ఒక అణువు సిలికాకు నాలుగు అణువుల హైడ్రోజన్ ఫ్లోరైడు కావలెను. అనగా 60 గ్రాముల సిలికాకు 80 గ్రాముల హైడ్రోజన్ ఫ్లోరైడు ఖర్చవుతుంది. కిలో సిలికాను కరిగించడానికి కిలోకు పైగా, సుమారు 1,330 గ్రాములు కావలెను. అదీ నీరు కలియని శుద్ధ పదార్థం లెక్క. ఆమ్లం తినే కొద్దీ తానూ తరుగుతుంది. మానవదేహంలో సగానికి పైగా నీరే. ఆ నీరు ఆమ్లాన్ని ఇంకా పలుచన చేస్తుంది. ఎముకలలోని కాల్షియం, ఫ్లోరైడుతో కలిసి నీటిలో కరగని కాల్షియం ఫ్లోరైడు అవుతుంది. కొన్ని డబ్బాల ఆమ్లం దేహాన్నీ తొట్టినీ నేలనూ ఒక్క విడతలో ముగించడం అసంభవం. 2013లో "మిత్‌బస్టర్స్" అనే టెలివిజన్ కార్యక్రమం వారు మాంసపు ముక్కలపైన, ఇంటి నిర్మాణ పదార్థాల ముక్కలపైన ఈ ఆమ్లాన్ని పరీక్షించి చూచినప్పుడు కథలోని ఫలితం రాలేదు. రచయిత గిలిగన్, నటుడు ఆరన్ పాల్ స్వయంగా ఆ కార్యక్రమంలో పాల్గొన్నారు.

కనుక కప్పు ఊడిపడడం అతిశయోక్తి. అయినా ఈ అతిశయోక్తిని నేను పెద్ద దోషంగా ఎంచను. ఏ పదార్థానికి ఏ పాత్ర అనే మూలసూత్రం నిజమే. దానిని పెద్దదిగా చేసి చూపినారు. మన పౌరాణిక నాటకాలలో బాణం నుండి అగ్ని పుట్టినట్లు, చూచేవాడు దానిని కథగానే స్వీకరిస్తాడు.

నాకు లోపంగా తోచినది మరొకటి. ఈ ఆమ్లం అసలు భయంకరత్వం కథలో రాలేదు. పలుచని ద్రావణం చర్మంమీద పడితే గంటల తరబడి నొప్పి తెలియకపోవచ్చును. ఈలోగా ఫ్లోరైడు అయాన్లు లోతుకు దిగి కణజాలంలోని కాల్షియంను పట్టివేస్తాయి. రక్తంలో కాల్షియం పడిపోతే గుండె లయ తప్పి ప్రాణాపాయం కలుగుతుంది. అందుకే ఈ ఆమ్లంతో పనిచేసే చోట్ల కాల్షియం గ్లూకొనేట్ లేపనాన్ని చేరువలో ఉంచుకొంటారు. ఫ్లోరైడుకు కాల్షియంతోగల పొత్తు మన తెలుగువారికి క్రొత్త సంగతి కాదు. నాటి నెల్లూరు జిల్లా పల్లెలలో త్రాగునీటి ఫ్లోరైడు వలన ఎముకలు వంగిపోతున్న వైనం 1937లోనే వైద్యపత్రికకు ఎక్కినది. నల్లగొండ ప్రజలు పడిన బాధ అందరూ ఎరిగినదే. అది ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా చేరే ఫ్లోరైడు కథ. ఇది ఒక్కసారిగా మీదపడే ఆమ్లం కథ. కాని రెండింటిలోనూ ఫ్లోరైడు వెదకేది కాల్షియంనే. ఊడిపడిన కప్పు కంటె, నొప్పి లేకుండ లోపలికి దిగే విషం ఈ కథకు తగిన భయాన్ని కలిగించేది.

తరగతి గదిలోని పాఠం

ఇప్పుడు ముఖ్యవిషయానికి వస్తాము. ఆ రోజు వాల్టర్ చెప్పే పాఠం కైరాలిటీని గురించి. గ్రీకు భాషలో చేయి అనే మాట నుండి ఆ పదం వచ్చినదని చెప్పి, తన రెండు చేతులూ చూపుతాడు. కుడిచేయి, ఎడమచేయి ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాల వంటివి. వ్రేళ్ళు అవే, వరుస అదే. కాని ఒకదానిపై ఒకటి సరిగా ఇమడవు. కొన్ని అణువులు కూడ ఇట్లే రెండు రూపాలలో ఉంటాయి.

బోధన దృష్టితో చూస్తే ఇది మెచ్చదగిన పాఠం. ఖరీదైన పరికరం ఏదీ లేదు. ప్రతి విద్యార్థి వద్ద ఉన్న రెండు చేతులే సాధనాలు. మన ఉపాధ్యాయులు దీనికి ఎడమకాలి చెప్పును కుడికాలికి తొడిగి చూపడం, మామూలు శంఖం ప్రక్కన అరుదైన దక్షిణావర్త శంఖం బొమ్మ గీయడం చేర్చుకొనవచ్చును. 1848లో పాశ్చర్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఒక టార్టారిక్ లవణం స్ఫటికాలను భూతద్దం క్రింద పెట్టి, ఎడమవాటం వానినీ కుడివాటం వానినీ చేతితో ఏరి వేరుపరచిన కథ చెపితే పాఠం సంపూర్ణమవుతుంది.

వాల్టర్ తీసుకొన్న ఉదాహరణ థాలిడోమైడ్. ఆ మందు కుడి రూపం గర్భిణుల వేవిళ్ళకు మంచి ఔషధమనీ, పొరపాటున ఎడమ రూపం ఇస్తే బిడ్డ అంగవైకల్యంతో పుడుతుందనీ చెపుతాడు. ఒకటి మంచి, ఒకటి చెడు. ఈ ఉదాహరణ ఊరకే రాలేదు. అతని భార్య గర్భవతి. అతడే ఇప్పుడు ఒక చేత బడిపంతులు, ఇంకొక చేత హంతకుడు. కథాపరంగా ఎంతో పొందికైన ఎన్నిక. ఈ ఉదాహరణ అనేక పాఠ్యపుస్తకాలలో కూడ ఈ విధంగానే కనిపిస్తుంది. కాని అది సగం నిజం మాత్రమే.

థాలిడోమైడ్‌ను పశ్చిమ జర్మనీలో 1957లో నిద్రమందుగా విక్రయానికి పెట్టినారు. అనేక దేశాలలో గర్భిణులు దానిని వాడినారు. చేతులు, కాళ్ళు సరిగా ఎదగని బిడ్డలు పదివేలకు పైగా పుట్టినారని అంచనా. 1961 నవంబరులో జర్మనీలో దానిని ఉపసంహరించినారు. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే ప్రభుత్వాధికారిణి, ఆ మందు సురక్షితమైనదని చూపే సాక్ష్యం చాలదని, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా అనుమతి ఇవ్వలేదు. 1962లో అధ్యక్షుడు కెన్నెడీ ఆమెను సత్కరించినాడు.

ఆనాడు అమ్మినది రెండు రూపాలూ సమంగా కలిసిన మిశ్రమం. హాని ఎడమ రూపానిదేనని 1979లో జర్మన్ శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన ప్రయోగాన్నిబట్టి ప్రచారంలోకి వచ్చినది. కాని అంతకు ముందు, 1967లోనే, కుందేళ్ళపై చేసిన ప్రయోగంలో రెండు రూపాలూ హాని చేసినవి. ఎందువలన? ఈ అణువులో కుడి ఎడమల భేదానికి మూలమైన కార్బన్ పరమాణువుపై ఒక హైడ్రోజన్ ఉన్నది. ఆ కార్బన్ ప్రక్కనే కార్బొనిల్ సమూహం ఉండడం వలన ఆ హైడ్రోజన్ సులభంగా ఊడివస్తుంది. తిరిగి అతుక్కొనేటప్పుడు పాత వైపునే చేరవచ్చును, ఎదుటి వైపునా చేరవచ్చును. రక్తంలో ఉండే స్వల్ప క్షారగుణం ఇందుకు చాలును. శుద్ధమైన కుడి రూపాన్నే మ్రింగినా కొన్ని గంటలలో దేహంలో ఎడమ రూపం తయారవుతుంది.

ఒక చేతితొడుగును తీసుకొని చూడండి. ఎడమచేతిది కుడిచేతికి పట్టదు. కాని దానిని లోపలివైపు బయటికి వచ్చేటట్లు తిరగవేస్తే కుడిచేతికి సరిపోతుంది! థాలిడోమైడ్ అణువు ఇట్టి చేతితొడుగు. దేహం దానిని తిరగవేస్తూనే ఉంటుంది. ఎడమ రూపమే దేహంలోని సెరెబ్లాన్ అనే ప్రోటీనును ఎక్కువ గట్టిగా పట్టుకొంటుందని 2010 తరువాతి పరిశోధనలు చూపినవి గనుక, రూపాల మధ్య భేదం ఉన్నమాట నిజమే. కాని ఆ భేదం గర్భిణికి రక్షణ కాదు. 1998లో కుష్ఠురోగంలో వచ్చే ఒక బాధకు, 2006లో మైలోమా అనే కాన్సరుకు ఈ మందును అమెరికాలో అనుమతించినారు. అయినా గర్భిణులకు ఏ రూపంలోనూ ఇవ్వరాదన్న కఠిన నియమంతోనే అనుమతించినారు.

ఏది పెద్ద దోషం?

తొట్టి సన్నివేశం, పాఠం సన్నివేశం రెండింటినీ ఇప్పుడు ప్రక్కప్రక్కన పెట్టి చూడవచ్చును. తొట్టి విషయంలో తప్పు కంటికి కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. దానిని నమ్మినవానికి కలిగే నష్టమూ స్వల్పమే. పాఠంలోని తప్పు కనబడదు. చెప్పినవాడు ఉపాధ్యాయుడు, చెప్పిన చోటు తరగతి గది, చెప్పిన తీరు చక్కనిది. "మంచి రూపాన్ని మాత్రమే ఇచ్చి ఉంటే ఆ బిడ్డలు క్షేమంగా పుట్టేవారు" అనే భావం వినేవాని మనస్సులో నిలిచిపోతుంది. వేలమంది బిడ్డల జీవితాలకు సంబంధించిన విషయంలో ఈ భావం నిలవడం మంచిది కాదు. మందును సరిగా పరీక్షించకుండ అమ్మడమనే అసలు కారణం దాని చాటున మరుగుపడుతుంది.

రచయిత చేజార్చుకొన్నది కూడ ఇక్కడే ఉన్నది. మంచి చేయి ఒకటి, చెడు చేయి ఒకటి అని విడదీసి చెప్పడంతో వాల్టర్ కథ కొంత చిన్నబోయినది. మంచి రూపం దానంతట అదే, దేహంలోపలనే, ఎవరూ చూడకుండ చెడు రూపంగా మారిపోతుందన్నది థాలిడోమైడ్ నేర్పే పాఠం. అయిదు సంవత్సరాలపాటు ఆ ధారావాహిక చెప్పిన కథ సరిగా ఇదే గదా! కుటుంబం కొరకు ఒక్కసారి మాత్రమే తప్పు చేస్తాననుకొన్న మంచి ఉపాధ్యాయుడు తిరగబడిన తీరుకు ఇంతకంటె తగిన ఉపమానం రసాయనశాస్త్రంలో దొరకడం కష్టం. పూర్తి నిజం చెప్పి ఉంటే శాస్త్రమూ నిలిచేది, కథా బలపడేది.

గిలిగన్, రసాయనశాస్త్రం తెలిసినవారి సూచనలను స్వాగతిస్తామని 2008లో ఒక రసాయనశాస్త్ర పత్రికతో చెప్పినాడు. అది చదివి ఓక్లహామా విశ్వవిద్యాలయపు కర్బన రసాయనశాస్త్ర ఆచార్యురాలు డోనా నెల్సన్ సలహాదారుగా ముందుకు వచ్చినారు. ఇది రచయితకు గౌరవం తెచ్చే విషయమే. కాని ఈ రెండవ భాగం అప్పటికే ప్రసారమైపోయినది.

మన ఉపాధ్యాయులు కైరాలిటీ పాఠం చెప్పేటప్పుడు థాలిడోమైడ్ ఉదాహరణను మానవలసిన పని లేదు. రెండు చేతులు చూపండి. ఆ తరువాత ఒక రబ్బరు చేతితొడుగును విద్యార్థి చేతికిచ్చి, తిరగవేసి తొడుక్కోమనండి. "కుడి రూపాన్ని మాత్రమే ఇస్తే ప్రమాదం తప్పేదా?" అన్న ప్రశ్న అప్పుడు అడగండి. చేతిలోని తొడుగును చూచి వారే సమాధానం చెప్పగలరు.